మా కారులోని సెల్యులర్ మోడెమ్‌ను ఆపిన పని: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 8, 2025, శనివారం

ఈ పనికి పూనుకోవడానికి కారణమైన సంగతిని ముందుగా రాసుకుంటున్నాను. గత వేసవిలో మా పాత కారును అమ్మేశాం. ఆ కారుకు సంబంధించిన యాప్ నా ఫోన్‌లో అలాగే ఉండిపోయింది. జనవరి చివర్లో ఫోన్‌లో జాగా చాలక, అక్కరలేని యాప్‌లను తీసేస్తూ దానిని ఒకసారి తెరిచాను. ఏడు నెలల క్రితం మా చేయి దాటిపోయిన కారు ఆ క్షణాన ఏ వీధిలో, ఏ ఇంటి ముందు నిలిచి ఉందో పటం మీద కనబడింది. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో, తలుపులకు తాళం పడి ఉందో లేదో కూడా కనబడింది. తాళం తీసే బటన్ సైతం నా వేలి కింద సిద్ధంగా ఉంది. నేను దానిని నొక్కలేదు. ఆ కారు కొన్న మనిషి ఎవరో నాకు తెలియదు, తన ఇంటి గుమ్మం నాకు కనబడుతోందని ఆ మనిషికీ తెలియదు. వెంటనే నా ఖాతా నుంచి కారును తొలగించి, అమ్మిన చోటికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అయినా ఆ రోజంతా మనసు కుదుటపడలేదు. మేమిప్పుడు నడుపుతున్న కారును ఇలాగే ఎవరెవరు చూస్తున్నారన్న ప్రశ్న నన్ను వదలలేదు.

ప్రస్తుతం మా ఇంట్లో ఉన్నది జపాను తయారీ చిన్న ఎస్‌యూవీ, 2021 మోడల్. కంపెనీ పేరు ఈ డైరీలో ఎక్కడా రాయను. కారులో శాశ్వతంగా బిగించిన సిమ్‌తో, తనంతట తానుగా కంపెనీ సర్వర్లకు సమాచారం పంపే మోడెమ్ ఇప్పుడు దాదాపు ప్రతి కొత్త కారులోనూ ఉంటున్నది కాబట్టి, ఇక్కడ రాసేది ఒక్క కంపెనీ గురించి అనుకుంటే పొరపాటు అవుతుంది. 2023 సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల గోప్యతా విధానాలను పరిశీలించి, వాటిలో ఒక్కటి కూడా తమ ప్రమాణాలకు నిలవలేదని తేల్చింది. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రచురించిన పరిశోధన ఇంకా నిర్దిష్టంగా ఉంది. జనరల్ మోటార్స్ కార్ల నుంచి వెళ్లిన డ్రైవింగ్ వివరాలు లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే సమాచార సంస్థల మీదుగా బీమా కంపెనీలకు అందుతున్నాయని అది బయటపెట్టింది. షెవ్రోలే బోల్ట్ నడిపే ఒకాయన తన పేరు మీదున్న నివేదికను తెప్పించుకుంటే అది 258 పేజీలు వచ్చింది. ఆరు నెలల్లో ఆయనా, ఆయన భార్యా చేసిన 640 ప్రయాణాలు, ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు ఆగారో, ఎన్నిసార్లు ఒక్కసారిగా వేగం పెంచారో, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు తొక్కారో సహా అందులో ఉన్నాయి. అదే ఏడాది జులైలో అమెరికా సెనేటర్లు రాన్ వైడెన్, ఎడ్ మార్కీ రాసిన లేఖ ప్రకారం హోండా 97,000 కార్ల వివరాలను వెరిస్క్‌కు ఇచ్చినందుకు అందుకున్నది 25,920 డాలర్లు, అంటే కారుకు 26 సెంట్లు. ఆ అంకె చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. గత నెలలో, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రతిపాదించిన ఉత్తర్వు, జనరల్ మోటార్స్ ఐదేళ్లపాటు ఇలాంటి వివరాలను వినియోగదారుల నివేదికలు తయారుచేసే సంస్థలకు ఇవ్వకుండా నిషేధిస్తుంది. మంచిదే, కానీ అది ఒక కంపెనీకి, ఐదేళ్లకు మాత్రమే.

పని మొదలుపెట్టే ముందు మా గురించి ఏమి నమోదైందో తెలుసుకోవాలి. మేముండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. ఈ రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న డేటా గోప్యతా చట్టం ప్రకారం, ఒక సంస్థ మన గురించి దాచుకున్న వివరాల ప్రతిని అడిగే హక్కు మనకు ఉంది. మామూలుగా 45 రోజుల్లోగా జవాబివ్వాలి. కారు కంపెనీకి ఈ రోజు ఆ అభ్యర్థన పంపాను. లెక్సిస్‌నెక్సిస్ నుంచి ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోగల నివేదికను కూడా అడిగాను.

నాకు నేను పెట్టుకున్న కట్టుబాట్లు మూడు. కారుతో వచ్చిన తీగను ఒక్కదానిని కూడా కోయకూడదు. ఏ దశలో ఆగినా ఒక పూట పనితో కారు మొదటి స్థితికి రావాలి. కారును నాకంటే ఎక్కువగా నడిపేది నా భార్య కాబట్టి, ఆమె ఒప్పుకోనిదే ఏ భాగమూ కదపకూడదు.

మార్చి 22, శనివారం

రెండు జవాబులూ వచ్చాయి. లెక్సిస్‌నెక్సిస్ నివేదికలో మా పాత చిరునామాలు, బీమా వివరాలు ఉన్నాయి కానీ డ్రైవింగ్‌కు సంబంధించినవేవీ లేవు. ఈ విషయంలో నా అనుమానం నిజం కాలేదని ఇక్కడ స్పష్టంగా రాయడం న్యాయం.

కారు కంపెనీ పంపిన పట్టికలు వేరు. ప్రతి ప్రయాణానికీ ఒక వరుస ఉంది. బయల్దేరిన సమయం, ఆగిన సమయం, దూరం, గరిష్ఠ వేగం, ఆగిన చోటి అక్షాంశ రేఖాంశాలు వరుసగా ఉన్నాయి. నా భార్య ఆసుపత్రిలో రాత్రి షిఫ్టులు చేస్తుంది. ఆమె ఏ రాత్రి ఎన్ని గంటలకు ఇంటి నుంచి బయల్దేరుతుందో, అంటే ఏ రాత్రుల్లో ఇంట్లో ఉండదో, ఆ పట్టికను ఐదు నిమిషాలు చూసినవారు ఎవరైనా చెప్పగలరు. నవంబరులో పదకొండు రోజులు వరుసగా మరో ఆసుపత్రి పార్కింగ్‌లో కారు నిలిచిన నమోదు ఉంది. ఆ పదకొండు రోజుల్లో మా ఇంట్లో ఏమి జరిగిందో మేము సొంత బంధువులకు కూడా పూర్తిగా చెప్పుకోలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చొని ఆ వరుసలు చదివాం. చదవడం అయ్యాక ఆమె కంప్యూటరు మూసేసి, "ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడిగింది.

మార్చి 29, శనివారం

యాప్‌లోకి వెళ్లి, డ్రైవింగ్ వివరాల సేకరణకు ఇచ్చిన అనుమతులన్నింటినీ ఈ రోజు ఉదయం రద్దు చేశాను. కొన్న రోజున షోరూములో సంతకాల మధ్య వీటికి ఎప్పుడు ఒప్పుకున్నామో ఇద్దరికీ గుర్తు లేదు. ఈ పని చేయదలచినవారు మొదట చేయవలసింది ఇదే, దీనికి పానా కూడా అక్కర్లేదు. అయితే అనుమతి రద్దు చేయడమంటే అవతలివారి మాటను నమ్మడమే. మోడెమ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది, అది టవరుతో మాట్లాడుతూనే ఉంటుంది, ఏమి పంపుతున్నదో చూసే దారి మనకు ఉండదు. పైగా మన వివరాలు ఇష్టం లేనివారి చేతిలో పడే ప్రమాదం కంపెనీ ఉద్దేశంతో నిమిత్తం లేకుండా ఉంటుంది. సుబారు కంపెనీ ఉద్యోగుల వెబ్‌సైటులోని ఒక లోపం ద్వారా కార్ల ఏడాది ప్రయాణ చరిత్రను చూడవచ్చునని, తలుపులు తీయవచ్చునని శామ్ కర్రీ, శుభమ్ షా అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు ఈ జనవరిలోనే చూపించారు. కంపెనీ ఆ లోపాన్ని ఒక్క రోజులో సరిదిద్దింది. అయినా ఆ చరిత్ర అక్కడ పోగుపడి ఉండడమే అసలు సమస్య.

మిత్రుడి దగ్గర చేతిలో పట్టే చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజరు, అంటే చుట్టూ ఉన్న రేడియో సంకేతాలను తెర మీద గీతలుగా చూపే పరికరం, ఉంటే అడిగి తెచ్చాను. ఇంట్లో ఫోన్లన్నింటినీ విమానం మోడ్‌లో పెట్టి, గ్యారేజీ తలుపు మూసి, అమెరికాలో ఫోన్లు, మోడెమ్‌లు టవరు వైపు పంపే ఎల్‌టీఈ (4జీ) పౌనఃపున్యాలను, అంటే 699–716, 777–787, 1710–1755, 1850–1910 మెగాహెర్ట్జ్ పట్టీలను, ఒకదాని తర్వాత ఒకటి గమనించాను. కారు ఆఫ్‌లో ఉన్నంతసేపూ తెర చదునుగా ఉంది. స్టార్ట్ బటన్ నొక్కిన కొద్ది సెకన్లకే 1710 పైన పట్టీలో గీతలు లేచి, కాసేపటికి తగ్గి, మళ్లీ లేచాయి. పరికరాన్ని గ్లవ్ బాక్స్ దగ్గరికి తీసుకెళ్తే గీతలు పొడవయ్యాయి, వెనక సీటు వైపు జరిపితే కురచబడ్డాయి. తర్వాత పోల్చి చూడడానికి ఆ తెరను ఫోటో తీసి పెట్టుకున్నాను.

సాయంత్రం ఎస్‌ఓఎస్ బటన్ గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదేనని నా అభిప్రాయం. ప్రమాదం జరిగి ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే మోడెమ్ తనంతట తానే సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తుంది. స్పృహ లేని మనిషి తరఫున కారు పిలుస్తుంది. ఇది నిజంగా ప్రాణాలు కాపాడే ఏర్పాటు. యూరపులో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడళ్లన్నింటికీ ఇలాంటి పిలుపు వ్యవస్థను తప్పనిసరి చేశారు. నా భార్య సూటిగా అంది: "రాత్రి రెండింటికి 635 హైవే మీద నాకేమైనా అయితే, మీరు తీసేసిన ఆ పెట్టెకు బదులు ఏముంటుందో చెప్పండి, అప్పుడు తీయండి." ఆమె మాటకు జవాబు లేకుండా ముందుకు వెళ్లడం నాకిష్టం లేదు.

మొదట పాత ఫోన్ ఒకటి గ్లవ్ బాక్స్‌లో ఉంచుదామనుకున్నాం, ఎందుకంటే అమెరికాలో ప్లాన్ లేని ఫోన్ నుంచి కూడా అత్యవసర నంబరు 911కు కాల్ వెళ్లాలన్నది నిబంధన. అయితే టెక్సస్ ఎండల్లో మూసిన కారులో ఫోన్ బ్యాటరీ ఎన్నాళ్లో నిలవదు, అవసరమైన రాత్రి అది చచ్చి ఉంటే మనకున్నది ఉత్త ధైర్యమే. చివరికి ఆమె చేతి ఫోన్‌నే ఆధారం చేసుకున్నాం. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో కారు గుద్దుకున్న కుదుపును గుర్తించి, మనం స్పందించకపోతే తానే అత్యవసర సేవలకు కాల్ చేసే సదుపాయం ఉంది. సెల్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపుతుంది. ఆమె ఫోన్ అలాంటిదే. ఆ సెట్టింగును ఇద్దరం కలిసి సరిచూశాం, అత్యవసర నంబర్లు నింపాం, ఫోన్ ఎగిరిపోకుండా గట్టిగా పట్టే స్టాండు ఒకటి కొనడానికి నిర్ణయించాం. అయినా రెండు ఏర్పాట్లు ఉన్నచోట ఒకటే మిగులుతోందన్న నిజాన్ని దాచడం లేదు. వృద్ధులు ఒంటరిగా నడిపే కారు అయితే, స్మార్ట్ ఫోన్ అలవాటు లేని ఇల్లు అయితే, మోడెమ్‌ను తీయమని నేను సలహా ఇవ్వను.

ఏప్రిల్ 5, శనివారం

ఉదయం 10:20కి ఫ్యూజు తీశాను. ఫ్యూజుల పెట్టె మూత మీది పటంలో మోడెమ్‌కు ప్రత్యేకంగా ఒకటి చూపించారు, 7.5 ఆంపియర్ల గోధుమరంగు ఫ్యూజు. దాని మీద మరేదీ ఆధారపడి లేదని వైరింగ్ పటంలో ముందే చూసుకున్నాను. కొన్ని కార్లలో ఇదే ఫ్యూజు మీద వేరే పరికరాలూ ఉంటాయి కాబట్టి చూడకుండా పీకడం మంచిది కాదు.

పైకప్పు దగ్గర ఎస్‌ఓఎస్ బటన్ పక్కన వెలిగే చిన్న పచ్చ దీపం ఆరిపోయింది. యాప్‌లో తాజా స్థితి అడిగితే కారు దొరకలేదని వచ్చింది. ఇంజిను, బ్రేకులు, లేన్ హెచ్చరికలు, వెనక కెమెరా అన్నీ యథాతథంగా పనిచేశాయి. ఇంతవరకు అనుకున్నట్టే జరిగింది.

అనుకోనిది పాటలు పెట్టినప్పుడు బయటపడింది. ముందు కుడివైపు స్పీకర్ మూగబోయింది. బ్లూటూత్ మీద నా భార్యకు ఫోన్ చేస్తే ఆమె మాట నాకు వినబడింది, నా మాట ఆమెకు చేరలేదు. కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంది. ప్రమాదంలో స్టీరియో చచ్చిపోయినా సహాయ కేంద్రం మాట డ్రైవరుకు వినబడాలి, డ్రైవరు మాట అటు చేరాలి. అందుకని కారు తయారుచేసినవారు ఒక స్పీకర్ తీగలను, మైకు తీగలను మోడెమ్ గుండా నడిపించారు. మామూలు సమయాల్లో మోడెమ్ ఆ శబ్దాన్ని తనలోంచి అలాగే దాటిస్తుంది, అత్యవసర సమయంలో తానే ఆ స్పీకర్‌ను అందుకుంటుంది. దానికి విద్యుత్తు ఆగితే ఆ దారి మూసుకుపోతుంది. సుబారు, టొయోటా కార్లలో ఈ పని చేసినవారు ఇదే అనుభవాన్ని చెప్పారని తర్వాత చదివాను.

ఫ్యూజును మళ్లీ పెట్టేద్దామన్న ఆలోచన వచ్చింది కానీ పెట్టలేదు. ఫోన్ మాట్లాడాలంటే బండి పక్కన ఆపుకుంటామని ఇద్దరం అనుకున్నాం.

ఫ్యూజు బదులు యాంటెన్నా తీగను మాత్రమే ఊడదీసే పద్ధతి ఒకటి ఉంది. స్పీకర్, మైకు చెడవు కాబట్టి చాలామందికి అది నచ్చుతుంది. నాకు రెండు కారణాల వల్ల నచ్చలేదు. ఇలాంటి మోడెమ్‌లలో పైకప్పు యాంటెన్నా విరిగినా పనిచేయడానికి లోపల మరో చిన్న యాంటెన్నా ఉండవచ్చు, టవరు దగ్గరగా ఉన్న ఊళ్లో అది చాలు. రెండవది, సిగ్నల్ దొరకని మోడెమ్ దానికోసం వెతుకుతూనే ఉంటుంది, వివరాలను లోపల దాచుకుంటూనే ఉంటుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎవరైనా ఆ తీగను తిరిగి తగిలిస్తే దాచినదంతా ఒక్కసారిగా వెళ్లిపోతుంది.

ఏప్రిల్ 12, శనివారం

డాష్‌బోర్డు విప్పాను. వైరింగ్ పటాల కోసం కంపెనీ సర్వీసు వెబ్‌సైటులో రెండు రోజుల చందా కట్టాను. ఆ ఖర్చుకు వెనకాడవద్దని ఇలాంటి పని చేసే ప్రతి ఒక్కరికీ చెబుతాను, ఎందుకంటే తీగల రంగులు మోడల్ ఏడాదిని బట్టి మారిపోతాయి, ఇతరుల ఫోటోలను నమ్మి తీగ కలపడం ప్రమాదం.

మొదట 10 మిల్లీమీటర్ల పానాతో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీశాను. ఎయిర్‌బ్యాగుల సర్క్యూట్‌లో నిలిచి ఉండే విద్యుత్తు దిగిపోవడానికి కనీసం 90 సెకన్లు ఆగాలని మాన్యువల్ చెబుతుంది, నేను పది నిమిషాలు ఆగాను. గ్లవ్ బాక్స్ వెనక పసుపు రంగు కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగులవి, వాటిని తాకకూడదు. గ్లవ్ బాక్స్‌ను పట్టి ఉంచే చిన్న కడ్డీని తప్పించి, రెండు స్క్రూలు తీసి, ప్లాస్టిక్ గరిటెతో పక్క ప్యానెల్‌ను లేపాను. ఒక క్లిప్ విరిగింది. చలిగా ఉన్న ప్లాస్టిక్‌ను తొందరపడి లాగడం నా తప్పు. అదే కొలత క్లిప్పులు విడిభాగాల దుకాణంలో డజను చొప్పున దొరికాయి.

మోడెమ్ పెట్టె అరచేతి కంటే కాస్త పెద్దది. లోపల ఎల్‌టీఈ రేడియో, బోర్డుకు అతికించిన సిమ్, జీపీఎస్ రిసీవర్, కారు బ్యాటరీ తెగిపోయినా కాసేపు నడపడానికి చిన్న బ్యాటరీ ఉంటాయి. దానికి వచ్చే యాంటెన్నా తీగల కనెక్టర్లను రంగుతో గుర్తించవచ్చు. అవి ఫక్రా అనే పద్ధతిలోవి, నీలం జీపీఎస్‌కు, ముదురు ఎరుపు సెల్యులర్‌కు, నలుపు రేడియోకు వాడతారు. మా కారులో మోడెమ్‌కు నీలం ఒకటి, ముదురు ఎరుపు ఒకటి వచ్చాయి. వీటితోపాటు తెల్లని వెడల్పాటి కనెక్టర్ ఒకటి ఉంది. విద్యుత్తు, కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగలు, స్పీకర్, మైకు అన్నీ దానిలోంచే వెళ్తాయి. మూడింటినీ ఊడదీసే ముందు ఫోటోలు తీసి, ప్రతి దానికీ కాగితం చీటీ అంటించాను.

ఏప్రిల్ 13, ఆదివారం

తెల్లని కనెక్టర్‌లో స్పీకర్‌కు సంబంధించి నాలుగు తీగలు ఉండాలి, రెండు స్టీరియో నుంచి వచ్చేవి, రెండు స్పీకర్‌కు పోయేవి. పటం చెప్పినదాన్ని కళ్లతో కూడా నిర్ధారించుకోవాలనిపించింది. మల్టీమీటరు పెడితే ఒక జత మీద 3.6 ఓమ్‌లు చూపించింది. 4 ఓమ్‌ల స్పీకర్‌కు మీటరులో అంతే వస్తుంది కాబట్టి స్పీకర్ వైపు జత అదే అయ్యుండాలి.

అక్కడ నాన్న గుర్తొచ్చారు. నరసరావుపేటలో ఆయన రేడియోలు బాగుచేసేవారు. ఏ స్పీకర్ తీగలు ఏవో తేల్చుకోవాలంటే పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని, రెండు తీగల మొనలను దానికి ఇలా తాకించి అలా తీసేసేవారు. స్పీకర్ టక్కుమనేది. సెల్ ప్లస్ వైపు స్పీకర్ ప్లస్ తీగకు తగిలితే కాగితపు శంకువు బయటికి పొంగుతుంది, తిరగబడితే లోపలికి పోతుంది. మా కారు స్పీకర్ జాలీ వెనక ఉంది కాబట్టి శంకువు కనబడదు కానీ, 1.5 వోల్టుల సెల్ తాకించగానే తలుపులోంచి ఆ టక్కుమనే చప్పుడు స్పష్టంగా వినబడింది. జత ఖాయమైంది. నాన్న ఉంటే ఈ రోజు ఫోన్‌లో ఈ మాట చెప్పేవాడిని.

ఏప్రిల్ 26, శనివారం

కనెక్టర్‌కు సరిపోయే ఖాళీ జోడు, దానిలో దిగే పిన్నులు విడిగా తెప్పించి, ఒక చిన్న తీగల కట్ట తయారుచేశాను. స్టీరియో నుంచి వచ్చే స్పీకర్ ప్లస్‌ను స్పీకర్‌కు పోయే ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు, మైకు తీగలను వాటి వాటి జోడీలకు కలపడమే అది చేసే పని. విద్యుత్తు పిన్నులు, క్యాన్ పిన్నులు ఖాళీగా వదిలాను. ప్రతి అతుకుకూ టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. ఫ్యాక్టరీ కనెక్టర్‌ను మోడెమ్‌కు బదులు ఈ కట్టకు తగిలిస్తే చాలు, రేపు తిరిగి మార్చాలంటే ఊడదీసి మోడెమ్‌కు తగిలించవచ్చు.

పాట పెట్టగానే కుడి స్పీకర్ మోగింది, కానీ ఏదో వెలితిగా ఉంది. మృదంగం ఉన్న కీర్తన ఒకటి పెట్టి చూస్తే గాత్రం బాగానే ఉంది, తొప్పి వైపు, అంటే ఎడమ చేతి వైపు, లోతుగా పలికే గుమికి పలచబడింది. ఒక్క స్పీకర్‌నే వింటే తేడా తెలియదు, ఎడమది కలిస్తే గుమికి పోతుంది. ప్లస్, మైనస్ తారుమారైనప్పుడు ఒక శంకువు ముందుకు తోస్తుంటే రెండవది వెనక్కి లాగుతుంది, మంద్ర ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కట్టను విప్పి చూస్తే నేను పిన్నులను కనెక్టర్ వెనక వైపు నుంచి లెక్కపెట్టాను, పటం ముందు వైపు నుంచి చూపిస్తోంది. రెండు పిన్నులు మార్చాక గుమికి తిరిగి వచ్చింది.

మైకు ఇంకొంత సమయం తీసుకుంది. మాట అవతలికి చేరింది కానీ ఇంజిను వేగాన్ని బట్టి పెరిగే సన్నని ఈల దాని వెంట వినబడుతోందని నా భార్య చెప్పింది. మైకు తీగకు చుట్టూ ఉండే కవచపు తీగను నేను కలపకుండా వదిలేశాను, ఆల్టర్నేటర్ రొద అందులోంచి దూరింది. దాన్ని కూడా కలిపాక ఈల పోయింది.

కారు కంప్యూటర్లు నమోదు చేసిన లోపాలను చదివే ఓబీడీ స్కానరులో యు0198 కోడు ఒకటి మిగిలి ఉంది. టెలిమాటిక్స్ మాడ్యూల్‌తో, అంటే ఈ మోడెమ్‌తో, సంబంధం తెగిపోయిందని దాని అర్థం, అది నిజమే కాబట్టి అలాగే ఉండనిచ్చాను. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఏదీ వెలగలేదు. వారంటీ పోతుందేమోనని భయపడేవారు 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం గురించి తెలుసుకోవాలి. యజమాని చేసిన మార్పు వల్లే ఫలానా భాగం చెడిందని చూపించకుండా, ఆ మార్పును సాకుగా చెప్పి మొత్తం వారంటీని నిరాకరించడానికి అది ఒప్పుకోదు. మోడెమ్ చెడిందని వారంటీ అడిగే హక్కు మాత్రం నాకిక లేదు, అది సమంజసమే.

మే 3, శనివారం

స్పెక్ట్రమ్ ఎనలైజరు మళ్లీ తెచ్చాను. అదే గ్యారేజీలో, ఫోన్లన్నీ విమానం మోడ్‌లో పెట్టి, అవే నాలుగు పట్టీలను అరగంటపాటు గమనించాను. కారు స్టార్ట్ చేసినా గ్లవ్ బాక్స్ దగ్గర తెర చదునుగానే ఉంది. మార్చి 29 నాటి ఫోటో పక్కన ఈ రోజు ఫోటోను భద్రపరిచాను.

మోడెమ్‌ను తీసేస్తే గోప్యత సంపూర్ణమవుతుందని ఎవరైనా అనుకుంటే అది తప్పు అవుతుంది కాబట్టి, మిగిలిన దారుల గురించి కూడా రాస్తున్నాను. కారులోని తెర ఎప్పుడో మా ఇంటి వైఫైకి కలిపి ఉంది, ఆ పాస్‌వర్డును చెరిపేశాను. బ్లూటూత్ కలిపినప్పుడల్లా కాంటాక్టులను స్టీరియో తనలోకి లాగేసుకుంటోంది, ఆ అనుమతి తీసేసి పాతవాటిని తుడిచేశాను. అసలు పెద్ద దారి ఫోనే. మొబైల్ యాప్‌లలో చేర్చిన కోడు ద్వారా 4.5 కోట్ల మందికి పైగా అమెరికన్ల కదలికలను సేకరించి బీమా కోసం వాడారని ఆరోపిస్తూ ఈ జనవరిలో టెక్సస్ అటార్నీ జనరల్ బీమా కంపెనీ ఆల్‌స్టేట్, దాని అనుబంధ సంస్థ ఆరిటీల మీద దావా వేశారు. కారు మోడెమ్ లేకపోయినా జేబులోని యాప్ అదే పని చేయగలదు. ఇద్దరి ఫోన్లలోనూ లొకేషన్ అనుమతి ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా చూసి, పటాల యాప్‌కు తప్ప మిగతావాటికి తీసేశాం.

ప్రమాదానికి ముందరి కొన్ని సెకన్ల వేగం, బ్రేకు వంటివి నమోదు చేసే పెట్టె ఎయిర్‌బ్యాగు కంప్యూటరులో ఉంటుంది. దాని జోలికి నేను వెళ్లలేదు. అందులోని సమాచారం కారు యజమానిదేనని 2015 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది, అది గాలిలో ఎక్కడికీ పంపదు, ఎయిర్‌బ్యాగు వ్యవస్థను కెలకడం ప్రాణాపాయం.

మే 17, శనివారం

హైదరాబాదు నుంచి బావగారు ఫోన్ చేశారు. ఆయన కారులోనూ ఇలాంటి సిమ్ ఉంది, తీయించాలా అని అడిగారు. మన దేశంలో 2019 మే నెలలో వచ్చిన హ్యుందాయ్ వెన్యూ, దాని వెనకే వచ్చిన ఎంజీ హెక్టర్ ఈ పద్ధతిని మామూలు కొనుగోలుదారుల దగ్గరికి తెచ్చాయి. ఆయనకు నేను చెప్పినవి రెండు మాటలు. యాప్‌లో అనుమతులు చూసి అక్కరలేనివి తీసేయండి, కారు అమ్మే రోజున మీ ఖాతా నుంచి దాన్ని తప్పక తొలగించండి. డాష్‌బోర్డు విప్పడం గురించి మాత్రం తొందరపడవద్దన్నాను, ఎందుకంటే అక్కడి కార్లలో ఈ తీగలు ఎలా నడిచాయో నేను చూడలేదు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, దాని నియమాల ముసాయిదా ఈ జనవరిలో వెలువడింది. అవి అమలులోకి వస్తే తన వివరాల సారాంశాన్ని అడిగే దారి ఆయనకూ దొరుకుతుంది.

ఆయన మిత్రుడు ట్యాక్సీలు నడుపుతారట, ఆయనకూ ఈ సంగతి చెబుతానన్నారు. నేను వద్దన్నాను. ప్రయాణికులను చేరవేసే బండ్లలో ట్రాకింగ్ పరికరం, ప్రమాద సమయంలో నొక్కే బటన్ ఏఐఎస్-140 ప్రమాణం కింద తప్పనిసరి. అది వెనక సీట్లో కూర్చున్న ఆడపిల్ల రక్షణ కోసం పెట్టినది. సొంత కారులో నా ప్రయాణాల మీద నాకున్న హక్కుకు, దానికీ పోలిక లేదు.

మే 24, శనివారం

కారు కంపెనీకి రెండవసారి వివరాల ప్రతి కోసం అభ్యర్థన పంపాను. మోడెమ్‌ను యాంటీస్టాటిక్ సంచిలో పెట్టి, ఏ కారుదో, ఎప్పుడు తీశానో, తిరిగి ఎలా బిగించాలో రాసిన కాగితంతో సహా కారు పత్రాల పెట్టెలో ఉంచాను. ఈ కారు అమ్మే రోజు వస్తే కొనేవారికి సంగతంతా చెప్పి, కావాలంటే వారి ఎదుటే బిగించి ఇస్తాను.

జులై 5, శనివారం

రెండవ జవాబు నిన్న వచ్చింది. ఈసారి పట్టికలు రెండే. ప్రయాణాల పట్టిక మార్చి 29 ఉదయంతో ఆగిపోయింది, అనుమతి రద్దు చేసిన మాటను కంపెనీ ఆ మేరకు నిలబెట్టుకుంది. రెండవ పట్టిక పేరు కారు స్థితి. ఇంజిను స్టార్ట్ అయిన సమయం, ఆగిన సమయం, ఓడోమీటరు అంకె అందులో ఉన్నాయి, అవి మార్చి 29 తర్వాత కూడా ప్రతి రోజూ నమోదవుతూ వచ్చాయి. రద్దు చేసిన అనుమతి ఈ పట్టికకు వర్తించదని వారి లేఖ చివరి పేజీలో ఉంది. మా ఆవిడ రాత్రి షిఫ్టుకు బయల్దేరిన వేళలు ఆ వారం రోజులూ అందులో తు.చ. తప్పకుండా కనబడుతున్నాయి.

ఆ పట్టికలో ఆఖరి వరుస: ఏప్రిల్ 5, ఉదయం 10:19, ఇంజిను ఆఫ్.